ఒక ముక్కకి ఒకటే పని

ప్రియమైన కోడలు పిల్లా,

ఫోన్‌లో అయితే మధ్యలో నీ మొగుడు దూరిపోతాడు, అందుకే ఉత్తరం. నేను కౌంటర్లో కూర్చునే కంటి ఆసుపత్రిలో ఇక కంప్యూటరే టోకెన్లు ఇస్తుందట. దానికి ప్రోగ్రాం రాయడం నేర్చుకుంటే కౌంటర్లో నన్నే ఉంచుతామన్నారు డాక్టరు గారు. ఈ వయసులో నాకీ ఖర్మేమిటి చెప్పు! సాయంత్రం క్లాసులో చేరాను. పేరు రాసుకోవడం, టోకెన్ ఇవ్వడం, గదిలోకి పంపడం, అన్నీ కలిపి దండకంలా రాసుకెళ్తే మాస్టారు తల పట్టుకున్నాడు. ముక్కలుగా విడగొట్టాలట. ఎలాగే తల్లీ?

నిన్ను ఆఫీసు వాళ్లు ఆ ఊరు పంపిన గడువు నెలాఖరుకి అయిపోతుందిగా. నీ బీరువా కూడా సర్దేశాను.

ఇట్లు,
అత్తయ్య

ప్రియమైన అత్తయ్యకి,

మీ దండకం సంగతి చదివి పగలబడి నవ్వాను. ముందు పెద్ద పనేమిటో ఒక్క వాక్యంలో రాయండి: వచ్చినవాళ్లని వరసలో డాక్టరు దగ్గరికి పంపాలి. తర్వాత దాన్ని చిన్న పనులు చేయండి. ఒక ముక్కకి ఒకటే పని. పేరు రాసుకునే ముక్క పేరే రాసుకోవాలి, టోకెన్ గొడవ దానికనవసరం.

నా రాక సంగతి తర్వాత రాస్తాను.

మీ కోడలు

ప్రియమైన కోడలికి,

ముక్కలు చేశానే! అయినా ఆ ప్రోగ్రాం నా పరువు తీసింది. నాకు నమ్మకం చాలక, టోకెన్ ఇచ్చే ముక్క కూడా పేరు మళ్లీ రాసుకునేలా పెట్టాను. గదిలోకి పంపే ముక్క టోకెన్ మళ్లీ ఇచ్చింది. పాపం, ఒక పెద్దాయన చేతికి మూడు టోకెన్లొచ్చాయి. "నాకున్నవి రెండు కళ్లేనమ్మా" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. ఇంకోసారి సరిచూసుకుంటే తప్పేమిటి?

నీ రాక సంగతి దాటేశావు. ఏమైంది?

అత్తయ్య

ప్రియమైన అత్తయ్యకి,

తప్పేమిటని అడిగారు కాబట్టి చెబుతున్నాను. నేను కూర దించితే మీరు మూత తీసి మళ్లీ కలుపుతారు. నేను మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెడతారు. ఆ ఇంట్లో నేను చేసిన పని ఒక్కటీ పూర్తయినట్టు అనిపించలేదు. ఆఫీసు పంపలేదు, నేనే అడిగి వచ్చాను. ఇంకో ఏడాది ఉంటానని కాగితం కూడా పెట్టాను. ఆయనకి చెప్పలేదు. మిమ్మల్ని ఒంటరిగా వదిలి ఇక్కడికి రమ్మని ఆయనతో అనడానికి నోరు రావడం లేదు. ఆయన లేకుండా ఉండటం నావల్ల కావడమూ లేదు.

కోపగించుకోకండి.

మీ కోడలు

ప్రియమైన కోడలికి,

ముందు ఈ ఉత్తరం తెచ్చినవాణ్ణి లోపలికి పిలువు.

కోపం రాక ఏం చేస్తుంది! రెండు రోజులు మనసులోనే నీతో పోట్లాడాను. మారిపోతానని మాటివ్వను, ఈ చేతులు ఊరుకోవు. కానీ పేరు రాసుకునే ముక్క తయారుచేయడం పక్క కౌంటరావిడకి అప్పగించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా ప్రాణం పోయిందనుకో. ఒకచోట తడబడింది, తనే దిద్దుకుంది. మిగతా ముక్కల్లోంచి ఆ మళ్లీ చేసేవన్నీ నేను తీసేశాను. ఇవాళ ఒక్కొక్కరికి ఒక్క టోకెనే వచ్చింది. కౌంటర్ నాకే ఉంచారు.

నీ ఉత్తరం మావాడికి చూపించాను, తిట్టుకో. అక్కడే ఏదో పని చూసుకుంటానన్నాడు. నాకేం, బాగానే ఉంటాను అని రాయబోయాను కానీ అబద్ధం. ఇల్లు బోసిపోతుంది. అయినా పంపుతున్నాను.

పెట్టె వాడే సర్దుకున్నాడు. నేను తెరిచి చూడలేదు.

అత్తయ్య