గౌరి ఆపిన వంతెన

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఇంజనీరింగ్ కాలేజీలో సిలబస్ మీటింగ్ పెట్టినప్పుడల్లా, "నాలుగేళ్లయ్యాక ఈ పిల్లలు ఎలాంటి మనుషులవ్వాలి?" అని అడిగేదానివి. "ముందు ఉద్యోగాలు రానీండి మేడమ్" అని అందరూ నవ్వేవాళ్లు.

ఈ ఉదయం శ్రీముఖలింగం దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. మన ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టుగా అక్కడి కాలువ మీద చిన్న నడక వంతెన కట్టారు. ఊరివాళ్లు కొబ్బరికాయ కొట్టి ఎక్కబోతుంటే, వాళ్లలో పాతపట్నం పిల్ల గౌరి స్తంభం మొదట్లో వెంట్రుకంత పగులు చూసి అడ్డంగా నిలబడింది.

"ఎవులూ ఎక్కొద్దు."

"సన్న గీతే కదమ్మా! ఇప్పుడాపడమేటి?" అన్నారు ఊరి ప్రెసిడెంటు.

"సన్నదే బాబూ. కానీ ఎందుకొచ్చినాదో నాకు తెల్దు. తెలీకుండా మిమ్మల్నెలా నడిపిస్తాను? ఇప్పేసి మళ్లీ కడతాం."

మార్కులు పోతాయని గుర్తుచేశాను. "పోనీండి మేడమ్" అంటూ వంగి మొదటి చెక్క ఊడదీయసాగింది.

ప్రెసిడెంటు కండువా నడుముకు బిగించి, చెక్క రెండో కొస పట్టుకున్నారు. నేను మాత్రం గుళ్లో ఉన్నట్టు, చెప్పులు విప్పి అలాగే నిలబడిపోయానక్కా.