ఇరవై పిల్లల సగటు

2012 జూన్ 10, ఆదివారం

పాల్మాకుల షెడ్డు. క్యాట్‌ఫిష్ పిల్లలకి మూడు వారాలు. గాజు పళ్ళెం కింద గ్రాఫు కాగితం పెట్టి ఒక్కొక్కదాన్నీ కొలిచాను. వలతో పట్టకూడదని క్రితంసారే బుద్ధొచ్చింది — రెక్క దగ్గరి ముల్లు వలలో చిక్కుకుని ఒకటి చచ్చిపోయింది. ఇప్పుడు ప్లాస్టిక్ గ్లాసుతో నీళ్ళతో సహా ముంచి తీస్తున్నాను. ముక్కు నుంచి తోక మొదలు వరకే కొలత. తోకలు చిరుగుతుంటాయి, నమ్మలేం. తొట్టిలోంచి ఇరవై. సగటు తొమ్మిది మిల్లీమీటర్లు.

ఫిబ్రవరిలో పుట్టినవి ఇదే వయసులో ఎనిమిది. అవి కొట్టు మేత తిన్నాయి. వీటికి నేను చేసింది — ఎండురొయ్యల పొడి, ఉడికించిన బఠాణీ, గుడ్డు సొన. ఒక్క మిల్లీమీటరుకే సంబరపడకూడదు. పడ్డాను.

జూన్ 11

మొత్తం ఎన్నున్నాయో లెక్కపెడదామని నిన్న కూర్చుంటే, షెడ్డు కిరాయికిచ్చిన యాదమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "పానమున్న పిల్లలను లెక్కవెట్టొద్దు బిడ్డా, దిష్టి తగుల్తది. మా కోడిపిల్లలను గూడ మేం లెక్కవెట్టం." కొలిస్తే తగలని దిష్టి లెక్కపెడితే తగులుతుందా అన్నాను. "కొలుసుడు వేరే, లెక్కవెట్టుడు వేరే."

పెద్దావిడ. నేను ఆదివారాలే వెళ్తాను, మిగతా ఆరు రోజులూ నీళ్ళు మార్చేదీ మేత వేసేదీ ఆవిడే. సరేలెమ్మని ఊరుకున్నాను.

జూన్ 24

పదమూడు. ఫిబ్రవరివి పదకొండు.

జూలై 3

ఆఫీసు. ఎవరివో పెట్టెలు, ఎవరివో తూకాలు. కాగితం మీద రాసిన తూకం, కాటా మీద తూకం ఒకటేనా అని చూడడం... ఎయిర్‌పోర్టు కార్గోలో నా పని ఇంతే. బేగంపేటలో మొదలుపెట్టి శంషాబాద్ దాకా పదకొండేళ్ళు. విసుగొచ్చింది. ఇంతకంటే పెద్ద కారణమేదీ లేదు. చేపల పని పూర్తిగా చెయ్యాలని ఉంది. నా మేత నిజంగా పనిచేస్తోందని తేలితే చాలు, ఇక్కణ్ణించి లేస్తాను.

జూలై 8

పంతొమ్మిది. ఫిబ్రవరివి పదిహేను. రెండు గీతలూ ఒకే కాగితం మీద గీసి, అత్తాపూర్ ఇంటికొచ్చి మా ఆయనకి చూపించాను.

"గ్రాఫు కాగితం చూసి ఉద్యోగం మానేస్తావా పద్మా?"

మానేస్తే తప్పేంటన్నాను. "తప్పని కాదు. మళ్ళీ రానివ్వరు కదా."

ఈయన మంచి మనిషి. అదే ఇబ్బంది. పోట్లాడడానికి కుదరదు.

జూలై 15

ఇరవై మూడు. బక్కది ఒక్కటి కూడా లేదు. ఇరవైకి ఇరవై అన్నీ ఒకే సైజు. ఇంత సమానంగా ఎలా పెరిగాయని ఒక్క క్షణం అనిపించింది... మేత, ఇంకేముంది.

జూలై 20, శుక్రవారం

రాజీనామా ఇచ్చేశాను. మేనేజరు చదివి బల్ల మీద పెట్టుకున్నారు. "ఆగస్టు మూడు, సాయంత్రం ఐదింటిదాకా నా దగ్గరే ఉంచుతాను. ఆ తర్వాత హెడ్డాఫీసుకి పోతే వెనక్కి రాదమ్మా." అక్కర్లేదు సార్ అన్నాను. ఆరాంఘర్ దగ్గర బస్సు అరగంట కదల్లేదు. హాయిగానే ఉంది.

జూలై 22, ఆదివారం

ఎలా రాయాలి.

షెడ్డు వెనక సిమెంటు గోలెం ఒకటి ఉంది. బర్రెలు నీళ్ళు తాగేది, వాటిని అమ్మేశాక ఖాళీ. పళ్ళెం కడుక్కుందామని వెళ్ళాను. అడుగున నాచులో ఏవో కదిలాయి. వంగి చూస్తే మీసాలు. నా పిల్లలే. చిన్నవి, బక్కవి.

ఇవిక్కడికెలా వచ్చాయి యాదమ్మా అన్నాను.

"నేనే ఏసిన. పెద్దయి మేత మీద వడుతుంటె చిన్నయి మూలకు పోయి ఉపాసముంటున్నయి. పానం ఒప్పలే. వారానికి కొన్ని గిట్ల తెచ్చి ఏస్తున్న."

"నాకు చెప్పాలి కదా."

"నువ్వు అడిగినవా? కొలుసుకుంట కూసుంటివి."

అరిచాను. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దావిడ మీద. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వారంవారం చిన్నవాటిని తీసేస్తుంటే మిగిలినవాటి సగటు పెరగక ఏం చేస్తుంది? ఒక్కసారి లెక్కపెట్టి ఉంటే పది రోజుల్లో తెలిసేది. ఈసారి ఎవరినీ అడగకుండా లెక్కపెట్టాను. తొట్టిలో అరవై ఒకటి, సగటు ఇరవై అయిదు. గోలెంలో యాభై నాలుగు, సగటు పద్నాలుగు. అన్నీ కలిపితే ఇరవైకి కాస్త తక్కువ. ఫిబ్రవరివి ఈ వయసుకి పంతొమ్మిది.

తేడా ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. రాజీనామా మాత్రం ఇచ్చేశాను.

జూలై 23

ఈయనకి చెప్పాను. నవ్వలేదు. "మూడో తారీఖు దాకా టైముంది కదా" అన్నారు. నవ్వి ఉంటే బాగుండేది.

జూలై 24

పర్మిషన్ పెట్టి పాల్మాకుల వెళ్ళాను. అరిచినందుకు తప్పయిందని చెప్పాను. "నీ చాపలు, నీ ఇష్టం" అంది యాదమ్మ, మొహం చూడకుండా. గోలెంలో వాటికి ఇన్నాళ్ళూ ఏం పెట్టారని అడిగాను. "నూకలు. నీ పొడి తొట్టిల ఉన్నయాటికే అంటివి గద."

అంటే... వాటికి నా మేతే అందలేదు. మరి అన్నీ కలిపి సగటు తీసి నా మేత పనిచెయ్యలేదని ఎలా అంటాను? పనిచేసిందనీ అనలేను. ఈ రోజు నుంచి గోలెంలోకి కూడా పొడి వెయ్యమన్నాను. "గా మాట ముందే చెప్తే అయిపోవు."

జూలై 29

కొలవలేదు. చెయ్యి రాలేదు. వెళ్ళి యాదమ్మ ఇచ్చిన టీ తాగి వచ్చాను.

ఆగస్టు 3, శుక్రవారం

పొద్దున్నే వెళ్ళి గోలెంలోవి యాభై నాలుగూ కొలిచాను. పద్దెనిమిది. పన్నెండు రోజుల్లో నాలుగు మిల్లీమీటర్లు. తొట్టిలోవీ కొలిచాను, ఇదే సమయంలో మూడు కూడా పెరగలేదు.

మేత వల్లా? పెద్దవి పక్కన లేకపోవడం వల్లా? నూకలతో ఎండిపోయినవి ఏం పెట్టినా ఇలాగే పుంజుకుంటాయా? సగానికి నా మేత, సగానికి కొట్టు మేత వేసి, అన్నిటినీ లెక్కపెట్టి చూడాలి.

"పెరిగినయా బిడ్డా?" పెరిగాయన్నాను. "ఇగ పరేషాన్ ఎందుకు?"

ఆఫీసు. మేనేజరు గది తలుపు తీసే ఉంది. నా కాగితం ఇంకా బల్ల మీదే ఉంది, ఇక్కణ్ణించి కనిపిస్తోంది. నిజం తేలాలంటే నెల కావాలి. ఇప్పుడు నాలుగూ పది.