మూడు బంతుల గుక్క

తాడేపల్లిగూడెం, జూన్ 4

లాల్ బాషా బావగారికి నమస్కారం.

ఫోన్లో నాలుగు మాటలకే ఆయాసం వస్తోంది, అందుకని ఉత్తరం. నాకు మార్చి పెట్టిన ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయట. వాటిని కిందనుంచి ఆడించే కండరం ఉంటుంది చూశారూ, దాని నరం ఒకటి ఆపరేషన్లో దెబ్బతింది. ఎడమపక్క కండరం పడకేసింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరందదు. ఆరు నెలలుగా కుర్చీలోనే నిద్ర. నరం తేరుకోవచ్చు, తేరుకోకపోనూవచ్చు అన్నారు డాక్టరుగారు. గొట్టంతో గాలి పీలిస్తే బంతులు లేచే డబ్బా ఒకటిచ్చారు. మూడింటిలో ఒకటే లేస్తోంది. విసుగొచ్చి అటకెక్కించాను.

ఇట్లు, కూర్చునే కునుకు తీసే
సూర్యప్రకాశరావు

తా.క. "లాల్ బాషా అన్నయ్యగారైతే మూడూ లేపేద్దురండీ" అంటోంది మా వెంకటనరసమ్మ. మా పెళ్ళిలోనూ జనం పెళ్ళికొడుకుని వదిలేసి మీ క్లారినెట్టునే చూశారు. నేను మర్చిపోలేదు.

ఏలూరు, జూన్ 12

బావగారికి సలాములు.

చెల్లెమ్మ మాట నిలబెట్టాలని ఆ డబ్బా నేనూ కొన్నాను. మొదట ఒక్క బంతీ కదల్లేదు. తిరగేసి పెట్టాను, మూడూ ఎగిరాయి! కొల్లేటి లంకలో ఓ పెళ్ళికి పురోహితుడి పడవ ఆలస్యమైతే, ఆయన వచ్చేదాకా ఒకే గుక్కలో వాయించినవాణ్ణి. బంతులొక లెక్కా?

మీ లాల్ బాషా

తా.క. బంతులు పైనుండగానే మా ఆవిడ ఖాతూన్ టీ కాచి, వడకట్టి తెచ్చింది.

తాడేపల్లిగూడెం, జూలై 2

బావగారూ,

టీ సంగతి మా ఆవిడ వీధంతా చెప్పింది. డబ్బా అటక దిగింది. మీ ఊపిరితిత్తులు డెబ్బై రెండేళ్ళవి, నావి ఎవరో పుణ్యాత్ముడిచ్చిన కుర్రవి. ఇంతకన్నా పరువు తక్కువ ఉందా? పొద్దున పది, సాయంత్రం పది పీలుస్తున్నాను. రెండో బంతి లేచింది. మీకు అబద్ధమాడే అలవాటు లేదు, అదే నా కడుపుమంట.

సూర్యప్రకాశరావు

తా.క. ఈసారి టీ బదులు కాఫీ అని రాశారో, మీతో మాట్లాడను.

ఏలూరు, జూలై 9

బావగారూ,

కాఫీ అని రాయను. నిన్న ఉప్మా చేసింది.

లాల్ బాషా

తాడేపల్లిగూడెం, అక్టోబరు 20

బావగారూ,

మూడూ లేచాయి! గొప్పలు చెప్పుకుందామని ఫోన్ చేస్తే మీరు లేరు, ఖాతూన్ చెల్లెమ్మ తీసింది. "పీల్చడమేంటన్నయ్యగారూ? ఈయన తిరగేసి ఊదుతున్నారండీ!" అంది. నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళలో ఊదిన నోటికి పీల్చడమనేది తట్టలేదా, మహానుభావా! లేని గెలుపును చూసి నాలుగు నెలలు కుళ్ళి చచ్చాను.

మొన్న స్కాన్లో ఎడమపక్క కండరం కదిలింది. నరం తేరుకుందన్నారు డాక్టరుగారు. మా ఆవిడ మాత్రం అదంతా మీ చలవేనంటోంది. ఆ పేరూ మీకే!

ఇట్లు, ఇంకా కుళ్ళుతున్న
సూర్యప్రకాశరావు

తా.క. ఈ ఉత్తరం వెల్లకిలా పడుకుని రాస్తున్నాను. పెన్నులోంచి ఇంకు దిగి చావడం లేదు. నాకు ఊపిరి మాత్రం అందుతోంది.