ఎనభై ఐదు మెట్లు

శంషాబాద్,
12 అక్టోబర్ 2025.

చిరంజీవి అనుపమకు,

అన్న రాఘవేందర్ దీవెనలు. ఇంట్లో ఎవరికీ జ్వరాలు లేవు, అందరం తిని తిరుగుతున్నాం. బాపు మోకాలికి దవాఖానలో ఇచ్చిన పట్టీ వేసుకోవడం లేదు, మాకున్న ఫిర్యాదు అదొక్కటే. మీ వదిన సుమలతకు బడిలో పరీక్షల పని నడుస్తోంది. లైప్‌జిగ్‌లో నువ్వూ కులాసాగా ఉన్నావనుకుంటాను. చలి మొదలైందని రాశావు, చేతివేళ్లు జాగ్రత్త.

నీ ఉత్తరం వచ్చి పదహారు రోజులైంది. "ఫోన్‌ల అడిగితె నువ్వు మాట మారుస్తవు అన్నా, కాగితం మీద రాయి" అన్నావు. నిజమే, మారుస్తాను. ప్లాట్లు అమ్మే మల్లేశ్వర్ నీకు చేస్తానంటున్న సన్మానసభ ఎట్లాంటిదో చూసి రమ్మన్నావు. రావిర్యాల బడిలో మన పాత పియానో ఏమైందో కనుక్కోమన్నావు, బాగుచేయించి ఆ సభలో దాని మీదే వాయిస్తానన్నావు. నీ గురించి లోకమంతా చెప్పుకునే ఆ యూరియా సంచి కథ మొదట ఎవరు రాశారో తేల్చమన్నావు. "నువ్వు రిపోర్టర్‌వు గదా" అని ఎత్తిపొడిచావు కూడా.

ముందు సభ సంగతి. పోయిన మంగళవారం మల్లేశ్వర్ ప్లాట్ల వెంచర్‌కు వెళ్లాను. మంఖాల్ దాటాక ఉంది. గేటు దగ్గర పన్నెండడుగుల సిమెంటు బొమ్మ నిలబెట్టారు. రెండు జడల పిల్ల నేల మీద కూర్చుని ఉంది. ముందు సంచి పరిచి ఉంది, దాని మీద బొగ్గుతో గీసినట్టు పియానో మెట్లు. కింద బంగారు రంగు అక్షరాలతో 'గురువు లేని విద్య' అని రాశారు. ఆ పిల్లవు నువ్వేనట. నీకు రెండు జడలు ఎప్పుడూ లేవు. పేలు పడతాయని అవ్వ నీకు తొమ్మిదో తరగతి దాకా క్రాపు చేయించేది.

వెంచర్ పేరు 'అనుపమ సింఫనీ'. సింఫనీ అంటే ఏమిటో తెలుసా అని మల్లేశ్వర్‌ను అడిగాను.

"పేరు మంచిగున్నది సార్, జనం ఆగి చూస్తున్నరు. ఇంకేం గావాలె" అన్నాడు. "మీ చెల్లె అంటే మా చెల్లె కాదా? జర చాయ్ తాగుండ్రి."

చాయ్ తాగుతుండగా సభ ఏర్పాట్లు చూసే శ్రావణ్‌కుమార్ ఒక అద్దాల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల యూరియా సంచి.

"ఇదే సార్ ఆ సంచి" అన్నాడు.

"ఎక్కడ దొరికింది?"

"దొరికినట్లే అనుకోండ్రి. రెండు దినాలు చాయ్ డికాక్షన్‌ల నానబెట్టిన. మస్తు పాతగ కొడుతున్నది, సూడుండ్రి."

చూశాను. సంచి మీద 45 కిలోలు అని అచ్చు ఉంది. నీ చిన్నప్పుడు యూరియా సంచి 50 కిలోలది. రెండు, మూడు చొప్పున ఉండాల్సిన నల్ల మెట్లు చివరిదాకా రెండేసి చొప్పున గీశాడు, మూడు కలిసినవి ఎక్కడా లేవు. ఆ మెట్ల మీద ఒక్క పాట కూడా పలకదు. ఆ మాటే అన్నాను.

"పలికేది ఎవలు సార్, అద్దాల పెట్టెల ఉంటది గద" అని నవ్వాడు. "లెక్క మాత్రం పక్కా. కథల ఉన్నట్లే ఎనభై అయిదు. ఒక్కటి తక్కువ లేదు."

చాయ్ సగంలో వదిలేసి లేచాను. విలేకరిగా శవపంచనామాలు చూసి వచ్చి అన్నం తిన్నవాణ్ణి. ఆ రోజు ఇంటికొచ్చి తినలేకపోయాను.

దానికి ఇంకో కారణం అవ్వ. సభలో చూపించడానికి వాళ్లు అవ్వతో వీడియో తీశారు. పట్టుచీర కట్టుకుని కూర్చుని చెప్పింది: "నా బిడ్డ కొట్టంల కూసోని సంచి మీద టకటక కొడుతుండె. పిచ్చి లేసిందా అని తిట్టిన. గిట్ల పేరొస్తదని ఎవలకు ఎరిక." వీడియో చూసి అడిగాను.

"అవ్వా, ఆ సంచి నువ్వు ఎప్పుడన్న కండ్లార సూసినవా?"

"సూడకేంరా. కొట్టం గోడకు మేకుకు ఏలాడుతుండె గద."

"నిర్మల టీచర్ దగ్గరికి పోయేది యాది లేదా? నేనే సైకిల్ మీద తోల్కపోతుంటి గద?"

అవ్వ నన్నే ఎదురడిగింది: "గా టీచరమ్మనా? ఆమె ఇంగ్లీషు చెప్తుండె కాదుర?"

అవ్వ అబద్ధమాడడం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పన్నెండేళ్లుగా వచ్చినవాళ్లందరూ సంచి గురించే అడిగారు. అడిగి అడిగి ఆమెకు సంచి కనబడేట్టు చేశారు, టీచర్‌ను చెరిపేశారు.

జరిగింది నీకూ నాకూ తెలుసు, అయినా కాగితం మీద ఒకసారి ఉండనీ. 2004 నవంబర్‌లో నీకు ఎనిమిదేళ్లు. రావిర్యాలలో ఒక ప్రైవేటు బడి, అందులో నిర్మల టీచర్, బడి చివరి గదిలో ఒక పియానో. సికింద్రాబాద్‌లో ఏదో క్లబ్బు మూసేస్తే బడికి వచ్చి చేరింది. నువ్వు ఆ పక్క నుంచి పోతూ కిటికీ దగ్గర నిలబడిపోయావు. టీచర్ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి 2013 జూన్‌లో మద్రాసు సంగీత కళాశాల స్కాలర్‌షిప్ వచ్చేదాకా ఆమె ఒక్కతే నీకు నేర్పింది. స్వరాలు చదవడం, రాయడం, కూర్చునే తీరు, అన్నీ.

2008లో విమానాశ్రయం మొదలైనాక ఆ గది మీదుగా విమానాలు పోయేవి. చప్పుడులో ఏదీ వినబడేది కాదు. టీచర్ ఒక పద్ధతి పెట్టింది. విమానం రాగానే మెట్ల మీది నుంచి చేతులు ఎత్తాలి, పాట మాత్రం మనసులో నడుస్తూనే ఉండాలి. చప్పుడు పోగానే, ఆగిన చోటి నుంచి కాదు, ఆపకపోతే అప్పటికి ఎక్కడిదాకా వచ్చి ఉండేదో అక్కడి నుంచి అందుకోవాలి. మొదట్లో నువ్వు ప్రతిసారీ తప్పేదానివి. రెండేళ్లకు ఒక్కసారి కూడా తప్పలేదు. మూల స్టూలు మీద కూర్చుని నేను చూశాను.

వాద్యబృందంతో కలిసి వాయించడానికి నువ్వు రాసిన పియానో కాన్‌చెర్టో 'ఎత్తిన చేతులు' ఆ గదిలోనిది. అందులో వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగి, మళ్లీ ముందెక్కడో కలుసుకునే చోట్లున్నాయి. మీ లైప్‌జిగ్ పత్రికలు వాటిని విమానాశ్రయంలో భూములు పోయిన రైతుల మౌనం అని రాశాయి. అందులో మనకు గుంట భూమి కూడా పోలేదు. నువ్వు రెండుసార్లు ఖండించావు. మూడోసారి ఊరుకున్నావు. నీ కార్యక్రమాల పుస్తకాల్లో సంచి కథ అచ్చవుతుంటే కూడా ఊరుకున్నావు. ఆ ఊరుకున్నది తప్పని అనే అర్హత నాకు లేదు.

నీ ఉత్తరంలో ఒక మాట రాశావు. "పియానోకు ఎనభై ఎనిమిది మెట్లని లోకమంత రాస్తది. మన రావిర్యాల పియానో పాతది, దానికి ఎనభై ఐదే. సంచి కథ ఎవరు కల్పించిర్రో గాని, వాడు మన పియానోను చూసినోడు. వాణ్ణి పట్టుకో" అన్నావు. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో అంత సూటిగా ఆధారం చూపెట్టిన ఫిర్యాదు రాలేదు.

ఆ గదిలో మెట్లు లెక్కపెట్టింది ముగ్గురమే. టీచర్, నువ్వు, స్టూలు మీద ఊరికే కూర్చోలేని నేను.

సంచి నాది.

2013 జూన్‌లో నేను మండల విలేకరిని. నీకు స్కాలర్‌షిప్ వచ్చిన వార్త ఉన్నదున్నట్టు రాసి పంపాను. జిల్లా పేజీలు చూసే నరేందర్ ఫోన్ చేశాడు. "టీచరున్నది, పియానో ఉన్నది. ఇగ ఇందుల కష్టమేది? చదివెటోని కండ్లల్ల నీళ్లు రావాలె" అన్నాడు. సంచి పెట్టమని అతను చెప్పలేదు. ఆ నింద అతని మీద వేయను. బాపు పొలం నుంచి తెచ్చిన సంచి ఎదురుగా ఉంది. పది నిమిషాల్లో టీచర్‌ను తీసేసి సంచి పెట్టాను. 'బొగ్గుతో ఎనభై ఐదు మెట్లు గీసుకుని, గురువు లేకుండానే' అని రాశాను. అంకె తప్పు రాయడం నాకు చేతకాదు. మిగతాదంతా కల్పించి, అంకె మాత్రం సరిచూసుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే అన్నిటికంటే రోత పుట్టించేది అదే.

మండల విలేకరుల వార్తలకు పేరు వేయరు. అందుకే ఎవరికీ తెలియలేదు. అందులోంచి ఒక ఢిల్లీ పత్రిక తీసుకుంది, దానిలోంచి నీ కచేరీలు చూసే ఏజెన్సీ, అక్కడి నుంచి అందరూ. ఆ వార్త వచ్చేనాటికి నువ్వు మద్రాసు రైలు ఎక్కావు. నీకు కటింగ్ పంపలేదు. పేపర్ దొరకలేదన్నాను.

ఇక పియానో. చెదలు పట్టి మూలన పడి ఉందని నీకు చెప్పింది నేనే. చెదలు పట్టలేదు. ఆ వార్తను బడి నడిపే కరస్పాండెంట్ నోటీసు బోర్డులో అంటించాడు. "సంచి మీద నేర్సుకున్నంక గింత పెద్ద పెట్టె ఎందుకు, జాగ దండుగ" అన్నాడు. సంగీతం పీరియడ్ తీసేశాడు. పియానోను పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి గదిలోనే సమ్మెటతో కొట్టి విప్పారు, తలుపులోంచి మొత్తం పట్టలేదు. ఇనుప చట్రం ఆటోలో పోయింది. చెక్క బడి వంటకు కాల్చారు. టీచర్‌ను మూడో తరగతికి ఇంగ్లీషు చెప్పమన్నారు. రిటైరయ్యేదాకా అదే చెప్పింది. అవ్వకు గుర్తున్నది ఆ ఇంగ్లీషు టీచరే.

గురువారం రావిర్యాల వెళ్లాను. టీచర్ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చాటలో చిక్కుడుకాయలు తుంచుతోంది. చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"నాకు ఎరికె" అంది. "పేపర్ల చదివిన్నాడే ఎరికె. ఎనభై ఐదు అని నువ్వు గాక ఎవలు రాస్తరు?"

"మరి ఒక్కసారన్న అడగలేదేంది టీచర్?"

"అడుగుతె ఏం చెప్తుంటివి?"

పన్నెండేళ్లలో టీచర్ నీతో ఎన్నోసార్లు ఫోన్‌లో మాట్లాడింది, సంచి మాట గానీ పియానో మాట గానీ ఎత్తలేదు. ఎందుకని అడిగాను. "దానికున్నది ఒక్క అన్న. టీచర్లు ఎందరన్న దొరుకుతరు" అంది. తర్వాత, "నాకు చెప్పుడెందుకు? ఎరిక లేనోళ్లకు చెప్పు" అంది.

పత్రికకు సవరణ రాశాను. నా పేరుతోనే వస్తుంది, వచ్చే ఆదివారం, జిల్లా పేజీలో. ఎడిటర్ గంటసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. ముందు టీచర్‌కు చదివి వినిపించాను. 'తొమ్మిదేళ్లు నేర్పారు' అని రాస్తే, "ఎనిమిదేండ్ల ఏడు నెలలు" అని దిద్దింది. ప్రతి ఈ ఉత్తరంతో పెట్టాను. మల్లేశ్వర్‌కు కూడా ఫోన్‌లో చెప్పాను. "బొమ్మ అయిపోయింది గద సార్. టీచరమ్మది పక్కన ఇంకో బొమ్మ చేపిస్త, ఏం పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. మనుషులు మాట వినకుండానే ఇంత మర్యాదగా జవాబు చెప్పగలరని వీళ్లను చూశాకే తెలిసింది. అయితే బొమ్మ చేయించడానికి వాళ్లకు కథ ఇచ్చింది నేను. అది మరిచిపోను.

నవంబర్ 23న నువ్వు ఆ సభకు రావాలో వద్దో నేను చెప్పను. నీ జీవితంలో ఒకసారి చెయ్యి పెట్టినవాణ్ణి. అవ్వకు మాత్రం నేనే చెబుతాను. ఆమె సంచి ఆమె దగ్గరి నుంచి తీసుకోవడం కష్టమే.

గురువారం ఆ అరుగు మీది నుంచి లేచేముందు టీచర్‌ను ఒకటే అడిగాను. అనుపమ వచ్చి, మీ పేరు చెప్పి వాయిస్తే మీరు వస్తారా అని.

"అనుపమ వాయిస్తె" అని మొదలుపెట్టింది. అప్పుడే విమానం వచ్చింది. టీచర్ చిక్కుడుకాయల మీది నుంచి రెండు చేతులూ ఎత్తింది. నోరు మూసుకుంది, తల మెల్లగా ఊగుతోంది. చప్పుడు మహేశ్వరం వైపు పోయింది. చేతులు దించింది.

"ముందు వరుసల, గోడ పక్కన కుర్చీ ఎయ్యిమను" అంది. "నేనైతే స్టేజీ ఎక్క."

ఆగిన చోటి నుంచి అందుకోలేదు. మధ్యలో ఆమె మనసులో అన్న మాటలేమిటో నాకు తెలియదు, అడగలేదు కూడా. ఆ లెక్క నీకే వచ్చు.

ఇట్లు,
నీ పేరు పక్కన తన పేరు వేసుకోవడానికి పన్నెండేళ్లు పట్టిన
నీ అన్న,
రాఘవేందర్