పాత రివాల్వర్‌కు పనస పిడి

పాడేరు కలెక్టర్ గారి సముఖమునకు,
డుంబ్రిగుడ మండలం, గుమ్మడిగుడ గ్రామం, మెట్ట మీది ఒంటి ఇంటిలో నివసించు మాజీ సైనికుడు పాంగి ధనుంజయ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: లైసెన్సు గల పాత రివాల్వర్‌కు మార్పులు చేయించుకొనుటకు, అదియును ఒక్కసారిగా గాక విడతలవారీగా చేయించుకొనుటకు, అనుమతి కోరుట గురించి.

1. నేను సైన్యం నుండి రిటైరైన పిమ్మట సాలూరులో బ్యాంకులకు నగదు చేరవేయు ఒక ప్రైవేటు కంపెనీ వ్యానుకు సాయుధ గార్డుగా పనిచేసితిని. సదరు ఉద్యోగ నిమిత్తం సదరు రివాల్వర్‌ను విశాఖపట్నంలో ఒక తుపాకుల షాపునందు సెకండ్‌హ్యాండులో కొనుగోలు చేసితిని. అంతకు ముందు అది ఎవరో కాఫీ తోటల మేనేజరుది. విధి నిర్వహణలో దానిని ఒక్కసారి కూడా పేల్చవలసిన అవసరం రాలేదు. ఉద్యోగం అయిపోయి నేను ఊరికి వచ్చేశాను. అదీ నాతో వచ్చింది.

2. ఆయుధం ప్రస్తుత స్థితి: పిడికి ఒకవైపు చెక్క పగిలినది. నల్లపూత పోయి అక్కడక్కడ తుప్పు పట్టినది. పిడి అడుగున తాడు కట్టుకొను రింగు ఊడిపోయినది. గొట్టం కొసన గురి చూసుకొను బుడిపె నా కళ్ళకు ఆనుట లేదు. నా వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర తిరిగినందున పాత పిడి పట్టు దొరకుట లేదు. దానికీ నాకూ వయసు ఒకేసారి మీద పడింది.

3. ఈ విషయమై నాకు దీనిని అమ్మిన విశాఖపట్నం షాపు యజమాని రవిబాబును సంప్రదించగా, “ఈ పగిలిపోయిన సెక్క పట్టుకుని ఏటి సేత్తారండీ? రబ్బరు పిడేసి, తెల్లగా నికెల్ పూత కొట్టిత్తాను. రింగూ, గురీ కూడా అయిపోతాయి. ఓ పూట ఇక్కడ కూకోండి, అన్నీ సేసి సేతికిత్తాను” అన్నాడు. నికెల్ పూత నాటకంలో రాజుగారి కత్తికి బాగుంటుంది, నాకెందుకు? రబ్బరు నాకు మొదటినుంచీ గిట్టదు. పైగా ఒక్క పూటలో అన్నీ అయిపోవడం నాకు సమ్మతం గాదు. ఆ మాటే చెప్పాను. “అయితే అమ్మీయండి, బేగి బేరం సూత్తాను” అన్నాడు. లేచి వచ్చేశాను.

4. నేను బాగా ఆలోచించుకొని తీసుకొన్న నిర్ణయం: పూత అక్కర లేదు, తుప్పు తీసి నూనె రాస్తే చాలును. గొట్టం జోలికి పోరాదు. పిడి మాత్రం మార్చవలెను. మొన్నటి గాలివానకు విరిగిపడిన పనసకొమ్మతో నా వేళ్ళకు సరిపోయేట్టు స్వయంగా చెక్కుకున్నాను. అనుమతి రానందున ఇంకా బిగించలేదు. మొదట పిడి. దానిని తనిఖీ చేసిన పిమ్మట రింగు. దానికీ తనిఖీ అయిన పిమ్మట బుడిపె మీద తెల్లరంగు చుక్క.

5. విడతలు ఎందుకని తమరు అడగవచ్చును. లైసెన్సు రెన్యువల్ విచారణకు స్టేషన్ నుండి హెడ్ కానిస్టేబుల్ వరహాలరావు గారు రొప్పుకుంటూ మెట్టెక్కి వచ్చారు. “ఏ మార్పు సేసినా ముందల అర్జీ పెట్టండి. అయ్యాక మేం ఒచ్చి సూసి రాసుకుంటాం” అని వారే చెప్పారు. ఆయుధం మీది నంబరు సరిచూశారు. ప్రాణభయం ఎవరి నుండి అని అడిగారు. నన్ను చంపేటంత పరిచయం ఎవరికీ లేదని చెప్పాను. ఆ గడి ఖాళీగా వదలకూడదని అడవిపందులు అని రాసుకున్నారు.

అంతలో వాన అందుకుంది. వారు అరుగు మీద కూర్చున్నారు. నేను కాఫీ కాచాను. వారి అమ్మాయి భానుశ్రీ నర్సింగు చదువుతోందట, హాస్టల్లో తిండి సరిపడక చిక్కిపోయిందట. “గుంట ఫోన్లో మాటాడితే ఒకటే ఏడుపండీ” అని చెబుతూ ఆయనే కళ్ళు తుడుచుకున్నారు. వెళ్ళిపోయేముందు, “మీకేటండి పెద్దాయనా, సల్లటి సోటు, ఏ గోలా లేదు” అన్నారు. వాన వెలిసింది. నంబరు మరొకసారి సరిచూసుకోమని నేనే అడిగాను. పాపం, మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని సరిచూశారు.

6. ఊరి సంగతి. నా భార్య గంగ బతికుండగా మా అరుగు ఖాళీగా ఉండేది కాదు. వాళ్ళంతా ఆమె కోసం వచ్చేవారని ఆమె పోయాక తెలిసింది. చైత్రంలో మా ఇటుకల పండగకు ఆనవాయితీగా మగవాళ్ళు వేటకు బయలుదేరుతూ, ఊరిపెద్ద మంగ్లును నా వద్దకు పంపారు. “బావా, నీ పిస్టోలు ఒక్కపాలి గాల్లోకి పేల్సీ, గుంటలు సంబరపడతారు, అప్పుడెల్తాం” అన్నాడు. లైసెన్సు షరతుల ప్రకారం వేడుకలలో పేల్చరాదని షరతు చదివి మరీ వినిపించాను. “సరే, నీ కాయితంతోనే పండగ సేసుకో” అని వెళ్ళిపోయాడు. అప్పటినుండి వేటకు పిలవరు, పెళ్ళికి పిలవరు. తుపాకీ ఉన్న ఇల్లని ఆడవాళ్ళు పిల్లలను ఈ వైపు రానివ్వరు. దారిలో గడ్డి మొలిచింది. ఇందులో నా తప్పేమీ లేదు, నిబంధన అది. నిబంధన సరైనదే. కాని సాయంత్రం పూట నాతో కూర్చుని మాట్లాడదు కదండీ.

7. రివాల్వర్ నాకు అవసరమా అన్నది కూడా యోచించితిని. అవసరం లేదు. దానిని అప్పగించేస్తే ఊరివాళ్ళు మళ్ళీ వస్తారేమో. రాకపోవచ్చు కూడా. వరహాలరావు గారు మాత్రం ఖచ్చితంగా రారు. ఆ రెండు రాకలూ లేకుండా ఉండడం నావల్ల కాదు. అందువలన మార్పులకే మొగ్గు చూపితిని.

కావున తమరు దయయుంచి, పై మూడు మార్పులకు అనుమతి ఇచ్చి, ఒక్కొక్క దానికి వేరువేరుగా ఇంటి వద్దనే తనిఖీ జరుగునట్లు ఉత్తర్వులు దయచేయించవలెనని, ఒంటరివాడి మొర తీరికగా చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
పాంగి ధనుంజయ్

తా.క.: మార్పులు కుదరవని గాని, ఈ వయసులో వీడికి రివాల్వర్ ఎందుకని గాని తమకు తోస్తే వెనక్కి తీసేసుకోండి, అభ్యంతరం లేదు. స్టేషనుకు తెచ్చి అప్పగించమని మాత్రం రాయించకండి. తీసుకుపోవడానికి మనిషినే పంపండి. ఎవరైనా పరవాలేదు. భోజనం వేళకు వచ్చేట్టు చూడండి.