నోరీన్ గారి ఇంట్లో కొన్న పైపులు

అమ్మా, ఒంట్లో బాగానే ఉంది, గుండెలోనే దడ. ఎన్నిస్ ఊళ్లో నోరీన్ అనే పెద్దావిడ దగ్గర, తిత్తితో గాలి కొట్టి వాయించే ఇలెన్ పైపులు కొన్నాను. చనిపోయిన వాళ్లాయనవి. తిత్తి నడుముకి కట్టుకుని మోచేత్తో నొక్కితే, తోక తొక్కిన పిల్లిలా అరిచింది. "మా ఆయనా మొదట్లో అంతే నాయనా. నవంబరులో ఆయన పోయి ఏడాది, ప్రార్థనకి అందరూ మా ఇంటికి వస్తారు, ఒక్క పాట వాయించు" అంది. కాదనలేక తలూపేశాను. అప్పట్నుంచి పైపుల పెట్టె తెరవనేలేదు. కోల్మ్ మావయ్య ఆదివారాలు నేర్పుతాడేమో అడుగు. నాన్నకి ఇప్పుడే చెప్పకు, నవ్వుతాడు. ఆవు ఈనిందా? నీ మోకాలు ఎలా ఉంది?

నేను బయల్దేరుతుంటే ఆవిడ ఆయన కుర్చీ తుడిచి పొయ్యి పక్కకి లాగింది. "ఆ రోజు నువ్విందులో కూర్చో" అంది. చర్చిలో నాకోసం ఒక కొవ్వొత్తి వెలిగించమ్మా.

నీ ఫెర్గల్