కొమురవ్వ తిండి షిఫ్టు

10 ఫిబ్రవరి 2025, సోమవారం

ఇది రాయొద్దనే అనుకున్న. బట్టల దుకాణం వాళ్ళు ఇచ్చిన డైరీ. జనవరి అంత తెల్లగనే పోయింది. మా చెల్లె కొమురవ్వ దాన్ని పొయ్యి ముట్టియ్యనీకి అడిగింది. కాని ఇయ్యాల జగిత్యాల డాక్టర్ ఒక మాట అన్నడు. ఆ మాటకు దినాం రాసి పెట్టేటోడు ఒకడుండాలె. ఇంట్ల చదవొచ్చినోన్ని నేనొక్కన్నే.

నేను బడికి పోలేదు. సిరిసిల్లల సాంచాలు, గవే బట్ట నేసే మరమగ్గాలు, నడుపుకుంట, నూలు డబ్బాలల్ల వచ్చే పాత పేపర్ ముక్కలు చదివి నేర్చుకున్న. ముక్కలు గనక అన్నీ సగం సగమే. ఒక మంత్రి రాజీనామా చేసిండని ఎనభై తొమ్మిదిల చదివిన, ఎందుకు చేసిండో ఇప్పటికీ తెల్వది. సరే, గది కాదు సంగతి.

సంగతి కొమురవ్వ మోకాళ్ళు. యాభై ఏండ్లు కింద కూసోని బీడీలు చేసింది. రెండూ అరిగినయట. ఆపరేషన్ చేస్తం కాని బరువు డెబ్బై ఐదుకు దిగాలె అన్నడు డాక్టర్. ఇప్పుడు ఎనభై తొమ్మిది. తొందరేం లేదు, ఆరు నెలలు పట్టనీ అన్నడు. షుగర్ గోలీ పొద్దుగాల ఒకటి, పాతదే నడిపియ్యుండ్రి అన్నడు.

బయటికి వచ్చినంక దీవెన అనే సిస్టర్ ఒక కాయితం చేతుల పెట్టింది. దినాం ఐదారు సార్లు కొంచెం కొంచెం తినాలె తాతా, పూట తప్పియ్యొద్దు అన్నది. నాకు నవ్వొచ్చింది. బరువు దిగనీకి ఆరు సార్లు తినుడా, మా ఊర్ల బర్రెలకు సుత గన్ని సార్లు గడ్డి ఎయ్యరు బిడ్డా అన్న. ఆ పిల్ల నవ్వలేదు. ఇంటికి పోయినంక మొత్తం చదువుండ్రి అన్నది.

కోరుట్ల బస్సుల కొమురవ్వ ఒక్కటే చెప్పింది. అన్నా, నాకు కొండగట్టు ఎక్కాలని లేదు, పెండ్లిళ్ళకు తిరగాలని లేదు, బాత్రూంకు నా అంతల నేను పోవాలె, తోడబుట్టినోడు రెక్క పట్టుకొని తీసుకపోతుంటే సిగ్గుతోని పాణం పోతాంది అన్నది. నేను కిటికీలకెళ్ళి బయటికి చూసిన.

12 ఫిబ్రవరి, బుధవారం

ఆరు నెలలు ఎందుకు? మూడు చాలు.

నాకు అరవై తొమ్మిది ఏండ్లు. బరువు నలభై ఎనిమిది. ఎట్ల? ఇరవై ఏండ్లు పన్నెండు గంటల షిఫ్టు చేసిన. నడుమ ఒక్కసారే బువ్వ డబ్బ ఇప్పేది. షెడ్డుల మేకులకు అందరి డబ్బలు వరుసగ వేలాడేటియి. తంగళ్ళపల్లి నుంచి భూమేశ్ అని ఒకడు వచ్చేటోడు, పదింటికి తన డబ్బ తినేటోడు, పదకొండుకు పక్కోని డబ్బ. ఒక దినం ఒక డబ్బల నట్లు బోల్టులు నింపి వేలాడేసినం. వాడు దించి, బరువు చూసి మురిసి, మూత తీసిండు. నెల దినాలు మాతోని మాట్లాడలే. వాడు లావు, నేను బక్క. ఇంతకంటె సైన్స్ ఏం కావాలె?

ఫోన్ల సుత ఇదే చెప్తున్నరు. పదహారు గంటలు బంద్, ఎనిమిది గంటలల్లనే తినాలెనట. పెద్ద పెద్ద సదువులోల్లు ఇంగ్లీష్ల చెప్తున్నది నేను సాంచాల కాడ ఎప్పుడో చేసిన.

గోడ మీద చాక్‌పీస్‌తోని రాసిన. గోలీ ఆరున్నర. నల్ల చాయ, చక్కెర లేకుండ. బువ్వ పన్నెండు. మళ్ళ సాయంత్రం ఆరు. తర్వాత బంద్. కొమురవ్వకు చదువు రాదు. గదేంది అన్నది. షిఫ్టు అన్న. నన్ను సుత సాంచను చేస్తివా అన్నా అని నవ్వింది.

టీవీ స్టూల్ ఊగుతాంది. దీవెన కాయితం నాలుగు మడతలు పెట్టి కాలు కిందికి దోపిన. సరిగ్గ సరిపోయింది.

24 ఫిబ్రవరి, సోమవారం

ఇంట్ల వాడే తూకం మిషన్ మీద కొమురవ్వ నిలబడలేదు. పట్టుకుంటె నా బరువు సుత కలుస్తది. అందుకని మక్కల దుకాణం కాంట. బస్తాలు తూచేది. కుర్చీ ఏసి కూసోబెట్టి, తర్వాత కుర్చీ బరువు తీసేయాలె. ఎవ్వరు లేనప్పుడు పోదాం అన్నదని పొద్దుగాల ఏడింటికే ఆటోల పోయినం. అయినా హమాలి జైపాల్ ఉండనే ఉండె. వానికి మెల్లగ మాట్లాడుడు రాదు. కొమురక్కా, ఎనభై ఆరు, మక్కలకు తీసినట్టు తేమ సుత తీసెయ్యాల్నా అని బజారంత ఇనబడేటట్టు ఒర్రిండు. కొమురవ్వ వాన్ని నీ నోట్ల మన్ను పడ అని తిట్టి, ఆటో ఎక్కినంక ఇల్లు చేరేదాక నవ్వింది.

మూడు కిలోలు. నేను చెప్పలేదా?

4 మార్చి, మంగళవారం

మైమూనా బీ పక్కింటామె. నలభై ఏండ్ల సంది కొమురవ్వ, ఆమె ఒక్క అరుగు మీదనే ఆకు కత్తిరిస్తరు. ఆమెకు సుత షుగరే. రంజాన్ రోజాలు మొదలైనయ్, ఉపాసం ఉన్నది, అయినా బీడీల చాట ఒళ్ళె పెట్టుకొని కూసున్నది. గోడ మీది షిఫ్టు చదివి పెట్టుమన్నది. చదివిన.

ఆగయ్య భాయ్ అని నన్ను పిలిచి, పొద్దుగాల గోలీ ఏసి పన్నెండు దాక ఖాళీ కడుపా అన్నది. నేను డాక్టర్‌ను అడగకుండ రోజా పట్టను, నెల దినాలు పొద్దటి గోలీ బంద్ చేసి సాయంత్రం ఇఫ్తార్ కాడికి మార్చిండు, సగమే ఇచ్చిండు, మీరు అడిగిండ్రా అన్నది.

నాకు మండింది. ఆమె వేలుముద్ర మనిషి. బీబీ, మీ ఉపాసం దేవునికి, మాది మోకాలుకు, రెండిటికి లెక్క వేరు అన్న. గోలీ డాక్టర్‌ది, నేను ముట్ట. తిండి నాది. కొమురవ్వ నడుమల తలకాయ వంచుకొని బీడీ చుట్టుకుంటాంది. మైమూనా బీ తన చాట దిక్కు తిరిగింది. దారం పండ్లతోని తెంపింది.

5 మార్చి

ఇయ్యాల్టి సంది ఒక్కటే పూట. సాయంత్రం నాలుగింటికి.

19 మార్చి, బుధవారం

ఎనభై రెండు. జైపాల్ ఈసారి ఒర్రలేదు. అక్క మొకం గట్ల తెల్లగయిందేంది అని నన్ను పక్కకు పిలిచి అడిగిండు. ఎండలు ముదిరినయ్ గదా అన్న.

మంచి సంగతి. నిన్న గోడ పట్టుకొని బాత్రూం దాక తనే పోయింది. తొమ్మిది అడుగులు. నేను ఎనకంగ చేతులు చాపుకొని నడిచిన, ముట్టలేదు. లోపట గొళ్ళెం పెట్టుకున్నది. రెండేండ్లాయె ఆ గొళ్ళెం చప్పుడు ఇనక. బయట నిలబడి నేను ఏడ్చిన, ఇది ఎవ్వరికి చెప్పేది లేదు.

చెడ్డ సంగతి. పదకొండు అయ్యేసరికి చెమటలు పడుతున్నయ్, చేతులు వణుకుతున్నయ్ అంటది. కత్తెర జారి ఏలు తెగింది. బీడీలు కొనుక్కపోయే టేకేదారు రెండు వందల బీడీలు వంకర ఉన్నయని తిప్పి పంపిండు. యాభై ఏండ్లల్ల ఒక్క కట్ట తిరిగి రాలేదు ఆమెది. కొవ్వు కరిగేటప్పుడు గట్లనే ఉంటదని చెప్పిన. నెయ్యి కాగేటప్పుడు చిటపట అనదా?

31 మార్చి, సోమవారం

రంజాన్. మైమూనా బీ గిన్నె నిండ పాలు, సేమ్యాల షీర్ ఖుర్మా పంపింది. నేను తాగిన. కొమురవ్వకు వద్దన్న. నాలుగింటికి సుత వద్దు, అంత చక్కెరే అన్న. ఆమె గిన్నె కడిగి ఇచ్చింది. కడిగే ముందు ఏలుతోని అడుగు తుడిచి నాకుడు చూసిన. చూడనట్టు ఉన్న.

11 ఏప్రిల్, శుక్రవారం

డెబ్బై ఎనిమిది. ఇంక మూడే.

దొంగతనం పట్టిన. తునికాకు కట్ట కింద బట్టల చుట్టి బిస్కట్ పుడ. సగం అయిపోయింది. ఎన్ని దినాల సంది అన్న. రోజాలు మొదలైనకాంచి అన్నది. ఎవరు తెచ్చిచ్చిండ్రు అన్న. చెప్పలేదు. చెప్పేదేముంది, గోడ అవుతల ఉన్నది. వణుకు వచ్చినప్పుడు రెండు తింటున్న, తింటే తగ్గుతాంది అన్నా, రెండే, ఒట్టు అన్నది.

నేను చానా అన్న. అన్నీ రాయలేను. ఆపరేషన్ నీకు కావాల్నా నాకు కావాల్నా అన్న. జన్మంత నేనే బాత్రూంకు పట్టుకపోవాల్నా అన్న. గా మాట అనకుండ ఉంటే బాగుండు. ఆమె ఏడ్వలేదు. పుడ నా చేతుల పెట్టింది. ఇంక తిన అన్నది.

బిస్కట్లు వాకిట్ల కుక్కకు ఏసిన. అన్నీ తిన్నది.

12 ఏప్రిల్, శనివారం, రాత్రి. జగిత్యాల ఆస్పత్రి వరండా

ఆరున్నరకు గోలీ. నల్ల చాయ. తొమ్మిదింటికి చాట పక్కకు పెట్టి ఒరుగుత అన్నది. పదకొండింటికి చూసిన, గుర్ర కొట్టి పడుకున్నది. చెమట పట్టింది. ఫ్యాన్ పెంచిన. ఆకలి తెల్వకుండ నిద్ర పోతాంది, మంచిదే అనుకున్న. లేపలేదు. రెండున్నరకు మైమూనా బీ ఆకు కోసం వచ్చి కొమురా, కొమురా అని పిలిచింది. లేవలేదు. చెంపల మీద కొట్టింది. నోట్ల చక్కెర పెట్టింది. కారిపోయింది. ఆటో నేను పిలువలేదు, ఆమెనే పిలిచింది.

ఇక్కడ షుగర్ చూసిండ్రు. ఇరవై ఆరు. నాకు అది ఎక్కువనా తక్కువనా తెల్వలేదు, డెబ్బైకి తగ్గొద్దట. ఏమేం తిన్నది అని డాక్టర్ అడిగిండు. నిన్న నాలుగింటికి అన్న. గోలీ అన్నడు. ఆరున్నరకు, ఒక్క దినం తప్పలేదు సార్ అన్న. ఆయన రాసుడు ఆపి నా దిక్కు చూసిండు.

15 ఏప్రిల్

కండ్లు తెరిచింది. నన్ను చూస్తలేదు. నేనున్న దిక్కు చూస్తాంది.

30 ఏప్రిల్, బుధవారం

ఇంటికి తెచ్చినం. మెదడుకు చానాసేపు చక్కెర అందలేదట. మాట వస్తదో రాదో చెప్పలేం అన్నరు. ముక్కుల పైపు. దీవెన నేర్పింది. రెండు గంటలకొకసారి, రెండు వందల ఎమ్మెల్, పాలు, జావ, పప్పు నీళ్ళు. తల ఎత్తి పెట్టి, సిరంజితోని మెల్లగ, తోయొద్దు, దానంతల అదే దిగాలె. పొద్దుగాల ఎనిమిది, పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. ఏడు సార్లు. తప్పియ్యొద్దు తాతా అన్నది. తప్పియ్య అన్న. ఆ పిల్ల సిరంజి కడిగి నా చేతుల పెట్టింది. ఏమన్న అంటే బాగుండు.

గోడ మీది షిఫ్టు తడి బట్టతోని తుడిచిన. అచ్చు పోలేదు.

మైమూనా బీ అరుగు మీదికి వస్తలేదు. అర్ర లోపటికి వచ్చి మంచం పక్కన చాట పెట్టుకుంటాంది. కొమురవ్వతోనే మాట్లాడుతది, నాతోని కాదు. జవాబు వచ్చినట్టే మాట్లాడుతది. ఏమే, గీసారి ఆకంత చిల్లులే, మంచి ఆకు దొరుకుతలేదు అంటది. నాలుగింటికి నాకు చాయ పెట్టి పోతది.

9 మే, శుక్రవారం

ఫ్యాన్ గాలికి టీవీ స్టూల్ మళ్ళ ఊగుతాందని వంగి చూసిన. కాయితం కాలు కింద అరిగింది. ఇప్పి చదివిన. పెద్ద అక్షరాలు, తెలుగే. నాలుగో లైన్: షుగర్ గోలీ వేసిన అరగంటలో తప్పక తినాలి. ఐదో లైన్: చెమట, వణుకు, గుండె దడ వస్తే వెంటనే చక్కెర లేదా రెండు బిస్కట్లు ఇవ్వాలి.

రెండు బిస్కట్లు.

దొరికిన కాయితమల్ల చదివేటోన్ని. ఇంటికి తెచ్చుకున్న కాయితం చదవలేదు.

26 మే, సోమవారం

పాల లెక్కకు బరువు కావాలె అన్నది దీవెన ఫోన్ల. జైపాల్ చక్రాల కుర్చీ తోసుకుంట కాంట మీదికి ఎక్కిచ్చిండు. కుర్చీ పదిహేను తీసేసి నా చెవుల మెల్లగ చెప్పిండు. వానికి మెల్లగ మాట్లాడుడు వస్తదని ఇయ్యాల తెలిసింది.

2 జూన్, సోమవారం

జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. దీవెన కాదు, వేరే పిల్ల. కొమురవ్వ పేరు మోకాళ్ళ ఆపరేషన్ లిస్ట్‌ల ఉన్నదట. ఇప్పుడు బరువు ఎంత తాతా అన్నది. డెబ్బై మూడు అన్న. వెరీ గుడ్, డేట్ రాసుకుంటరా అన్నది. మధ్యాహ్నం రెండు కావచ్చింది, పైపు ఏళ. ఫోన్ పక్కకు పెట్టి, జావ చల్లారిందో లేదో ఏలు పెట్టి చూసి, పైపు మూత తీసిన.